మగవారి హార్మోను మందు – ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?



గత సంచికలో థైరాయిడ్ గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఒకదాని కింద పేరు లేదు, ఊరు లేదు. రాసినది ఒక సోదరి. ఆమె భర్తకు యాభై రెండేళ్లు. చక్కెర జబ్బు ఉంది, మనిషి కాస్త లావు. ఏడాదిగా నీరసం, విసుగు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో రక్తం ఇస్తే టెస్టోస్టిరాన్ 282 అని వచ్చిందట. రక్తం తీసింది సాయంత్రం నాలుగు గంటలకు. స్నేహితుడొకాయన రెండు ఇంజెక్షన్లు వేయించుకుంటే పాతికేళ్ల కుర్రాడివైపోతావని చెప్పాడట. వేయించవచ్చునా, ప్రమాదమా అని ఆమె ప్రశ్న.

పేరు రాయనందుకు ఆమెను తప్పుపట్టలేం. మనవాళ్లు చక్కెర గురించి పెళ్ళి పందిట్లో మాట్లాడుకుంటారు. మోకాళ్ల నొప్పుల గురించి రైల్లో పక్క సీటువాళ్లకు చెప్పుకుంటారు. ఈ సంగతి మాత్రం కట్టుకున్న భార్యతో కూడా ఎత్తరు. ఈ గుట్టు వల్ల నిజంగా మందు కావలసినవాడికి అది అందడం లేదు. అవసరం లేనివాడేమో ఎవరికీ చెప్పకుండా సూది వేయించుకుంటున్నాడు. అలా వేయించుకున్నవాడు కుర్రవాడైతే పిల్లలు కలిగే అవకాశానికే ఎసరు వస్తుంది. అందుచేత ఈ విడత మొహమాటం పక్కనపెట్టి ఈ విషయమే రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. చదివి తెలుసుకున్నది, తెలిసిన డాక్టర్లను అడిగి సరిచూసుకున్నది మీ ముందు పెడుతున్నాను. మందు సంగతి తేల్చవలసింది మీ డాక్టరే అని ముందుగానే మనవి.

అసలు ఈ హార్మోను ఏమిటి?

మగవారి వృషణాలలో తయారయ్యే హార్మోను టెస్టోస్టిరాన్. పధ్నాలుగు, పదిహేనేళ్ల వయసులో గొంతు మారడం, మీసం రావడం, కండ పట్టడం దీని పనే. ఆ తరువాత కూడా ఎముకల గట్టితనం, రక్తంలో ఎర్ర కణాల తయారీ, కోరిక, ఉత్సాహం, ఇవన్నీ కొంతవరకు దీనిమీదే ఆధారపడి ఉంటాయి. వృషణాలు తమంతట తాము పని చేయవు. తల లోపల ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆజ్ఞ రావాలి. పిట్యూటరీకి ఆజ్ఞ ఇచ్చేది దానిపైన మెదడులో ఉన్న హైపోథాలమస్. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే హెడ్డాఫీసు, రీజినల్ ఆఫీసు, బ్రాంచి అన్నమాట. బ్రాంచిలో డబ్బు లేదంటే లోపం బ్రాంచిలోనే ఉండవచ్చు, పైనుంచి ఉత్తర్వు రాకపోయి ఉండవచ్చు. రెంటికీ చికిత్స ఒకటి కాదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

డెబ్బై రెండేళ్ల ప్రొఫెసరు గారు

ఈ మందుకు పెద్ద చరిత్రే ఉంది. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన శాస్త్రవేత్త, అప్పటికి ఆయనకు 72 ఏళ్లు, కుక్కల, గినీపందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తానే సూదితో ఎక్కించుకున్నాడు. బలం వచ్చింది, మెట్లు చకచకా ఎక్కగలుగుతున్నానని సాటి శాస్త్రవేత్తల సభలోనే ప్రకటించాడు. లోకమంతా ఆ రసం కోసం ఎగబడింది. చిక్కు ఏమిటంటే, ఆయన ఆ రసం తీసింది నీటితో. టెస్టోస్టిరాన్ నీటిలో కరిగేది కాదు. అంటే ఆయన ఒంట్లోకి వెళ్లిన హార్మోను దాదాపు శూన్యం. ఆయనకు వచ్చిన బలం నమ్మకం ఇచ్చిన బలమే.

అసలు హార్మోను 1935లో దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాక్వేర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి దాన్ని శుద్ధంగా వేరు చేసింది. అదే సంవత్సరం బ్యూటెనాండ్ట్, రుజీచ్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ప్రయోగశాలలో తయారు చేశారు. 1939లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అంటే ఈ మందు నిన్న మొన్న జిమ్ముల్లో పుట్టింది కాదు. తొంభై ఏళ్ల నుంచి డాక్టర్ల చేతిలో ఉన్న మందు. బ్రౌన్ సెకార్ గారి నమ్మకం మాత్రం ఇప్పటికీ రైలు పట్టాల పక్క గోడలమీద సున్నపు రాతల్లో కనబడుతూనే ఉంది.

నిజంగా అవసరమైనవారు

మొదటివారు పుట్టుకతోనే లోపం ఉన్నవారు. మగవారికి ఉండవలసిన క్రోమోజోముల జంట ఎక్స్, వై. కొందరికి ఒక ఎక్స్ అదనంగా ఉంటుంది. 1942లో దీన్ని వర్ణించిన డాక్టరు పేరు మీద దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. సుమారు ఆరేడు వందల మంది మగపిల్లలలో ఒకరికి ఉంటుందని అంచనా. అంటే అరుదైనదేమీ కాదు. పిల్లవాడు పొడుగ్గా పెరుగుతాడు, వృషణాలు చిన్నవిగా ఉంటాయి, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. చాలామందికి పెళ్లయి పిల్లలు కలగక పరీక్ష చేయించుకునేదాకా తెలియదు. కొందరికి ఎప్పటికీ తెలియదు.

ఇంకొకటి కాల్మన్ సిండ్రోమ్. ఇందులో లోపం హెడ్డాఫీసులో. పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చినా గొంతు మారదు, మీసం రాదు. దీనితోపాటు వాసన తెలియకపోవడం ఉంటుంది. మల్లెపూల వాసన గానీ, అడుగంటిన పాల వాసన గానీ ఆ పిల్లవాడికి తెలియదు. పుట్టినప్పటి నుంచీ అంతే కనుక వాడు చెప్పడు, మనం అడగం. ఎదుగుదల ఆలస్యమైన పిల్లవాణ్ణి డాక్టరు "వాసన తెలుస్తుందా?" అని అడిగితే నవ్వకండి, దానికి కారణం ఇది.

తరువాత వృషణాలకు దెబ్బ తగిలినవారు, ఆపరేషనులో తీసేసినవారు, క్యాన్సరుకు రేడియేషను గానీ కీమోథెరపీ గానీ తీసుకున్నవారు, వయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచినవారు. పుట్టినప్పుడు వృషణం సంచిలోకి దిగని పిల్లలు కూడా ఈ జాబితాలోకి రావచ్చు. దిగని వృషణాన్ని ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య ఆపరేషను చేసి దింపడం మంచిదని ఇప్పటి వైద్యం చెబుతోంది. పెద్దయ్యాక అదే దిగుతుందిలే అని ఏళ్ల తరబడి ఊరుకోవద్దు. మనవళ్లకు స్నానం చేయించే అమ్మమ్మలూ నానమ్మలూ ఈ సంగతి అందరికంటే ముందు గమనించగలరు.

పిట్యూటరీలో గడ్డ వచ్చినవారు, చిన్నప్పటి నుంచి తలసీమియా వంటి జబ్బుకు పదే పదే రక్తం ఎక్కించుకోవడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకున్నవారు, నల్లమందు జాతి నొప్పి మందులు చాలాకాలం వాడినవారు కూడా ఉన్నారు.

వీరందరికీ ఈ హార్మోను షోకు కాదు, చక్కెర జబ్బువారికి ఇన్సులిన్ ఎటువంటిదో అటువంటిది. అది లేకపోతే ముప్పై ఏళ్లకే ఎముకలు గుల్లబారవచ్చు, రక్తం తగ్గవచ్చు. సరైన వయసులో మొదలుపెడితే గొంతు మారుతుంది, కండ పడుతుంది, తోటివాళ్లలో తలెత్తుకు తిరగగలుగుతాడు. ఎదుగుదల కొంచెం ఆలస్యమైన పిల్లలకు చిన్న మోతాదులో కొన్ని నెలలు ఇచ్చి ఆపేయడం కూడా ఉంది.

ఒక్క కాగితం చాలదు

ఇక ఆ సోదరి రాసిన 282 దగ్గరకు వద్దాం. ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. కుర్రవాళ్లలో ఈ తేడా బాగా ఉంటుంది, పెద్దవారిలో కొంత తగ్గుతుంది. తిండి తిన్నాక కూడా తగ్గుతుంది. కనుక పరగడుపున, పొద్దున ఏడూ పది గంటల మధ్య రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే మరొక రోజు మళ్లీ అదే వేళకు ఇవ్వాలి. జ్వరంలోనూ, ఆసుపత్రిలో ఉన్నప్పుడూ చేయించకూడదు. రెండుసార్లూ తక్కువ ఉండాలి, లక్షణాలూ ఉండాలి. అప్పుడే లోటు ఉన్నట్టు. సాయంత్రం నాలుగింటికి తీసిన ఒక్క రక్తం చూసి మందు మొదలుపెట్టడమంటే, సరిచూడని ఒక్క వోచరు చూసి ఖాతా మూసేయడం వంటిది.

అంకెల విషయంలో ఇంకో జాగ్రత్త. ఒక ల్యాబు నానోగ్రాములు డెసీలీటరుకు లెక్క కడుతుంది, ఇంకొకటి మిల్లీలీటరుకు, మరొకటి నానోమోల్ అంటుంది. 300, 3, 10.4 ఈ మూడూ ఒకే విలువ, రూపాయిల్లోనూ డాలర్లలోనూ రాసిన ఒకే మొత్తం లాంటివి. అమెరికాలోని యూరాలజీ డాక్టర్ల సంఘం 300 కంటే తక్కువను తక్కువగా పరిగణిస్తుంది. రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి "మూడు వందల నుంచి మూడుకు పడిపోయింది" అని బెంబేలు పడేముందు కింద రాసిన కొలత చూడండి.

లోటు రుజువైతే ఆ తరువాత ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్., ప్రొలాక్టిన్ పరీక్షలు. లోపం బ్రాంచిలోనా, పైన ఆఫీసులోనా అన్నది వీటివల్ల తెలుస్తుంది. పిట్యూటరీలో గడ్డ ఉన్నవాడికి కారణం చూడకుండా హార్మోను ఇచ్చుకుంటూ పోతే గడ్డ పెరుగుతూనే ఉంటుంది, చూపు దెబ్బతినేదాకా బయటపడకపోవచ్చు.

మందు ఎలా ఇస్తారు?

ఎక్కువగా ఇంజెక్షనే. రెండు వారాలకోసారి ఇచ్చేవి ఉన్నాయి, పది నుంచి పధ్నాలుగు వారాలకోసారి ఇచ్చేవీ ఉన్నాయి. రెండు వారాల రకంలో మన నెల జీతం కథే. వేసిన కొత్తలో మహోత్సాహం, చివరి రోజుల్లో నీరసం. ఒంటికి రాసుకునే జెల్ కూడా ఉంది. అది రాసుకున్నవారు చేతులు కడుక్కోవాలి, రాసిన చోట బట్ట కప్పుకోవాలి. లేకపోతే భార్యకు, ఎత్తుకున్న పసిపిల్లలకు అంటుతుంది. అలా అంటి చిన్నపిల్లలలో అకాలంగా వయసు లక్షణాలు కనబడినందువల్ల 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డబ్బామీద హెచ్చరిక వేయించింది. కొన్ని పాత రకం మాత్రలు కాలేయాన్ని దెబ్బతీశాయి, కనుక ఎక్కడో అటకమీద దొరికినవి మింగవద్దు.

పిల్లలు కావలసినవారు ఇది తప్పక చదవాలి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఈ భాగం గుర్తుంచుకోండి. మగతనం పెంచే మందు కదా, సంతానానికీ మంచిదే అని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. బయటి నుంచి హార్మోను రాగానే పైన ఆఫీసు సరిపడా ఉందని భావించి ఉత్తర్వులు ఆపేస్తుంది. వృషణాలు పని తగ్గిస్తాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఇది ఎంత నిశ్చయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవారికి గర్భనిరోధక పద్ధతిగా దీన్నే పరీక్షించింది. 1990లో వెలువడిన ఆ అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షను తీసుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి.

నా సహోద్యోగి ఒకరి మేనల్లుడి సంగతి చెబుతాను. ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. జిమ్ములో ఎవరో కండలకని ఇచ్చిన ఇంజెక్షన్లు ఏడాదికి పైగా వేయించుకున్నాడు. పెళ్లయి రెండేళ్లైనా సంతానం లేదు. ఇంట్లోవాళ్లు కోడలిని ముగ్గురు డాక్టర్ల దగ్గర తిప్పారు. ఆ పిల్ల స్కానింగులూ మందులూ అన్నీ అయ్యాక నాలుగో డాక్టరు కుర్రవాడికి వీర్య పరీక్ష రాశారు. కణాలు సున్నా. ఇంజెక్షన్లు మానిపించి, పిట్యూటరీ ఆజ్ఞ లాగా పనిచేసే వేరే ఇంజెక్షన్లు ఇచ్చారు. సుమారు ఏడాదికి కణాలు మళ్లీ కనబడ్డాయి. అందరికీ ఇంత త్వరగా తిరిగి రావు. కొందరికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ ఆ కోడలు పడిన మాటలకు పరిహారం ఎవరిస్తారు? సంతానం లేదంటే ముందు వీర్య పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి లేదు.

పైన ఆఫీసు లోపం ఉన్నవారికి, ఉదాహరణకు కాల్మన్ ఉన్నవారికి, పిల్లలు కావాలనుకునే రోజుల్లో టెస్టోస్టిరాన్ ఆపి హెచ్.సి.జి., ఎఫ్.ఎస్.హెచ్. ఇంజెక్షన్లు ఇస్తారు. వారిలో చాలామంది తండ్రులవుతున్నారు. అందుకే లోపం ఎక్కడుందో ముందు తేల్చాలన్నాను.

యాభై దాటినవారి మాట

నాబోటి వయసువారికి ఆశ ఇక్కడే. ముప్పై, నలభై దాటాక ఈ హార్మోను ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గడం మామూలే. తగ్గినవారందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. ఐరోపాలో ఎనిమిది దేశాల్లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య 3,369 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం, లక్షణాలూ లోటూ కలిసి ఉన్నవారు నూటికి ఇద్దరే.

మందు ఇస్తే ఏమవుతుంది? అమెరికాలో 65 దాటినవారి మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 51,085 మందిని వడపోస్తే తీసుకోదగినవారు 790 మంది తేలారు. ఒక ఏడాది జెల్ వాడితే దాంపత్య జీవితంలో ఓ మోస్తరు మెరుగు కనబడింది. నీరసం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో వచ్చిన తరువాతి ఫలితాల్లో ఎముకల గట్టితనం, రక్తం పెరిగాయి. జ్ఞాపకశక్తి పెరగలేదు.

గుండె మాటేమిటని 45 నుంచి 80 ఏళ్ల మధ్య, గుండె జబ్బు ఉన్న లేదా వచ్చే అవకాశం ఎక్కువున్న 5,204 మందిని పరిశీలించి 2023లో ఫలితం ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి మందు వాడినవారిలో 7.0 శాతం, ఉత్తుత్తి జెల్ రాసుకున్నవారిలో 7.3 శాతం. అంటే ఆ భయం చాలావరకు తీరింది. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు వాడినవారిలో కొంచెం ఎక్కువ. ఎముకలు విరగడం కూడా తగ్గలేదు సరికదా, ఎక్కువే కనబడింది. 2025లో అమెరికా ఔషధ సంస్థ గుండె గురించిన పాత హెచ్చరికను సడలించి, రక్తపోటు పెరగవచ్చునన్న హెచ్చరికను చేర్చింది. కేవలం వయసు మళ్లినందుకు ఈ మందు వాడరాదని అదే సంస్థ 2015లోనే చెప్పింది.

లావుగా ఉన్నవారిలో, చక్కెర ఉన్నవారిలో ఈ హార్మోను తరచు తగ్గుతుంది. బరువు తగ్గి, నిద్ర కుదురుకుని, చక్కెర అదుపులోకి వస్తే చాలామందిలో దానంతటదే పెరుగుతుంది. కనుక ఆ సోదరికి నా జవాబు ఇది: అమ్మా, ఇంజెక్షను మాట ఇప్పుడు వద్దు. మీవారిని పొద్దున పరగడుపున రెండు రోజులు పరీక్ష చేయించండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. గురక ఎక్కువగా ఉంటే ఆ సంగతీ చెప్పండి. అప్పటికీ లోటు తేలితే ఎండోక్రినాలజిస్టు చెప్పినట్టు చేయండి. అవసరమని తేలితే మందుకు భయపడనక్కరలేదు.

మందు మొదలుపెట్టాక

రక్తం మరీ చిక్కబడుతుందేమో మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, తరువాత ఏటా చూడాలి. హిమటోక్రిట్ 54 శాతం దాటితే ఆపుతారు. నలభై దాటినవారికి ప్రొస్టేటు గ్రంథి పరీక్ష, పి.ఎస్.ఏ. రక్త పరీక్ష ఉంటాయి. ప్రొస్టేటు క్యాన్సరు ఉన్నవారికి, రొమ్ము క్యాన్సరు ఉన్నవారికి, ఆర్నెల్లలోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు. ఇది డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు. చీటీ అడగకుండా ఇచ్చే దుకాణం మనకు ఉపకారం చేస్తున్నట్టు కాదు.

మన భాషలో చెప్పుకుందాం

ఉద్యోగరీత్యా బళ్ళారి, షోలాపూరు, బరంపురం తిరిగాను. తరాలుగా అక్కడ స్థిరపడిన మనవాళ్లు వ్యాపారం కన్నడంలో చేస్తారు, మరాఠీలో బేరమాడతారు, ఒడియాలో పద్దు రాస్తారు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ ఒక్క విషయానికి ఏ భాషలోనూ మాట దొరకదు. "కొంచెం వీక్‌నెస్" అని ఊరుకుంటారు. డాక్టరు బలానికి విటమిన్లు రాస్తారు. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. నోటితో చెప్పలేకపోతే ఇంట్లో కూర్చుని తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పటి నుంచి, ఏమేమి తేడా, ఏ మందులు వాడుతున్నారు, పిల్లలు కావాలా. అబ్బాయి చేతో అమ్మాయి చేతో కాకుండా మీరే దాన్ని అక్కడి భాషలోకో ఇంగ్లీషులోకో మార్చి డాక్టరు చేతికివ్వండి. వారు రోజూ చూసే జబ్బే ఇది, ఆశ్చర్యపోరు.

ఇళ్లలో పెద్దలకు ఒక విన్నపం. పదిహేను, పదహారేళ్లు వచ్చినా ఎదుగుదల కనబడని మనవడిని నలుగురిలో పరిహాసం చేయకండి, డాక్టరుకు చూపించండి. పిల్లలు లేని జంటలో భర్తకూ మొదటే పరీక్ష చేయించండి. జిమ్ముకు వెళ్లే కుర్రవాడిని ఏం తాగుతున్నావు, ఏం వేయించుకుంటున్నావు అని ప్రేమగా అడగండి.

వచ్చే సంచికలో నెలసరి ఆగిన తరువాత ఆడవారి ఎముకల బలం గురించి రాస్తాను. ప్రశ్నలుంటే సంఘం కార్యాలయానికి రాయండి. పేరు రాయకపోయినా జవాబు ఇస్తాను.